మాల వేసుకున్న స్వామి చేతిలో ద్రోహి

నేను ఒక ద్రోహి కార్డును. శివకాశిలో ఒక ప్రెస్సులో పుట్టాను. నాతోపాటు నలుగురు నావికులను అచ్చువేశారు. వాళ్లకు తెల్ల టోపీలు, నాకు ఒంటికన్ను, మెలితిప్పిన మీసం. భయపెట్టాలని గీశారట, చూసినవాళ్లు మాత్రం మిఠాయి కొట్టు యజమానిలా ఉన్నానన్నారు.

ఆట చిన్నది. ఐదుగురు తలా ఒక కార్డు తీసి దాచుకోవాలి. మాటల్లో పెట్టి ద్రోహిని పట్టుకుని ఓడలోంచి తోసెయ్యాలి. పొరపాటున నావికుణ్ణి తోస్తే గెలుపు నాది. అంటే నన్ను తీసినవాడు చక్కగా అబద్ధమాడాలి. కాకినాడలో భాస్కరం ఇంట్లో మూడు నెలలు ఆ ఉద్యోగం చేసి ఒక్కసారీ గెలవలేదు. నేను చేతికి రాగానే మనుషులు మంచినీళ్లడుగుతారు, అనవసరంగా నవ్వుతారు. ఇంట్లో, ఆఫీసులో తడుముకోకుండా ఆడేవాళ్లకు ఆటలో మాత్రం అబద్ధం రాదెందుకో!

ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్లద్దాల కొట్టు గవర్రాజు వచ్చాడు. అయ్యప్ప మాల వేసుకుని ముప్ఫై రోజులైంది. దీక్ష ముగిసేదాకా అబద్ధమాడకూడదని అతని నియమం.

"ఆటే కదా స్వామీ, ఆటలో అబద్ధం అంటుకోదులెండి," అన్నాడు భాస్కరం.

"అంటుకుంటే మీరొచ్చి కడుగుతారా స్వామీ?" అంటూనే కూర్చున్నాడు. ఐదింట్లో నాలుగు మంచివే కదా అని ధైర్యం కాబోలు. అతనికి నేనే వచ్చాను.

నన్ను చూడగానే అతని వేళ్లు మాల మీదికి పోయాయి. మళ్లీ ఓడిపోయాననుకున్నాను.

"స్వామి అబద్ధమాడడు, ముందాయన్నే అడిగేద్దాం. మీరేనా స్వామీ ద్రోహి?" అన్నాడు పక్కింటి చిట్టిబాబు.

గవర్రాజు కళ్లు మూసుకుని, "అవును స్వామీ, నేనే," అన్నాడు.

ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. "ఏ దొంగైనా నేనే దొంగనంటాడేంటండీ! స్వామి మనల్ని ఆడిస్తున్నాడు," అన్నాడు చిట్టిబాబు. స్వామి అబద్ధమాడడని నిమిషం కిందట అన్నది ఆ నోరే. అంత ఉత్సాహంగా అడిగినవాడిమీదే అందరికీ అనుమానం వచ్చి, చిట్టిబాబునే సముద్రంలోకి తోశారు.

నేను గెలిచాను! గవర్రాజు మాత్రం నవ్వలేదు. నన్ను చొక్కా జేబులో పెట్టుకుని, సాయంత్రం భజనకు పోయి గురుస్వామి ముందు పెట్టాడు.

"నిజమే చెప్పాను స్వామీ. వాళ్లే నమ్మలేదు. నియమం తప్పినట్టా?"

పెద్దాయన నన్ను తిప్పి చూశాడు. "వాళ్లు నమ్మాలనే చెప్పారా?"

"చెప్పేటప్పుడు అంతే స్వామీ. వాళ్లు నవ్వాక..." గవర్రాజు తల వంచుకున్నాడు. "గెలిచేలా ఉన్నానని ఊరుకున్నాను."

తప్పో ఒప్పో పెద్దాయన చెప్పలేదు. "కొండకు బయల్దేరేలోపు ఆ మాట వాళ్లకు చెప్పుకోండి," అన్నాడు.

వారం తిరక్కుండానే వెళ్లి, నన్ను తిరిగిచ్చి, ఆ మాట చెప్పుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మీకేం స్వామీ, తోసింది నన్ను. నాకు ఈత కూడా రాదు," అన్నాడు చివరికి చిట్టిబాబు. అప్పుడు గవర్రాజు కూడా నవ్వాడు. ఆ ఆట చెల్లదని అందరూ తేల్చేశారు.

అలా నేను గెలిచిన ఒకే ఒక్క ఆట పోయింది. ఇప్పుడు పెట్టెలో నలుగురు నావికుల కింద పడుకుని ఆలోచిస్తుంటాను. మోసం కోసం అచ్చయినవాణ్ణి నేను, ఒక మనిషిని నిజం ఒప్పుకునేదాకా తీసుకెళ్లాను. ఓడినందుకు ఏడవాలి. ఏడుపు రావడం లేదు. ద్రోహిగా నాకున్న లోపాల్లో ఇదీ ఒకటి కాబోలు.