సముద్రదేవుడి మీద నేరం

ఏథెన్స్‌లో ముడి వేయడం కవి పని, విప్పడం దేవుడి పని. నాటకం చివర ఏతం లాంటి పెద్ద మానుకి దేవుడి వేషగాణ్ణి కట్టి గాల్లోకి లేపుతారు. ఆయన నాలుగు ముక్కలు సెలవిస్తే, చచ్చినవాళ్ల సంగతి మరిచిపోయి జనం ఇళ్లకు పోతారు. ఇంత చవకైన న్యాయం ఇంకే ఊళ్లోనూ దొరకదు.

ఆ ఏటి దియొనీసస్ నాటకాల పండుగలో ఆ దేవుడు సముద్రాలనేలే పోసిడాన్. వేషం ఫీడిమస్‌ది. నాటకం ఖర్చంతా లియోక్రిటస్ అనే సేనానిది. నిరుడు ఓడల యుద్ధం గెలిచిన రోజున, విరిగిన చెక్కలు పట్టుకుని నీళ్లలో వేలాడుతున్న సొంత మనుషుల్ని వదిలేసి, గెలుపు కబురు తనే ముందు చెప్పాలని రేవుకు పరుగెత్తిన మహానుభావుడు. ఆ వదిలేసినవాళ్లలో ఫీడిమస్ తమ్ముడు మిక్కోస్ ఒకడు. మట్టి పడని వాణ్ణి పాతాళనది దాటించరని వాళ్లమ్మ ఇప్పటికీ ఏడుస్తూనే ఉంది.

ఆట మొదలయ్యే ముందు కవి టెలెసాన్ కొత్త మాటలు పట్టుకొచ్చాడు. విని ఫీడిమస్ ఒళ్లు మండిపోయింది.

"'తల్లీ, నీ కొడుకుని నేనే కోరి తీసుకున్నాను, మనుషుల్ని నిందించకు' అనాలా? ఎవడు రాయమన్నాడ్రా?"

"ఖర్చు పెట్టేవాడు చెప్పాడు. నన్నేం చెయ్యమంటావు?"

"ఆ రోజు గాలి కూడా లేదు కదరా!"

ఇంతలో లియోక్రిటస్ తనే వచ్చి భుజం తట్టాడు. "గొంతు బాగా ఎత్తవోయ్. దేవుడు చెబితే జనం నమ్ముతారు. అన్నట్టు, నీకూ ఎవరో పోయారట కదా? పాపం." గొర్రె తప్పిపోయినవాణ్ణి పరామర్శించినట్టు అనేసి, వెళ్లి ముందు వరుసలో పూజారి పక్కన కూర్చున్నాడు.

తాడు లాగారు. ఫీడిమస్ పైకి లేచాడు. పండుగలో రాసిచ్చిన మాట తప్పిన నటుణ్ణి మళ్లీ రంగం ఎక్కనివ్వరని అతనికి తెలుసు. వేరే పని ఏదీ చేతకాదు. కింద తల్లి వేషగాడు చేతులు చాచాడు. "దేవా, నా బిడ్డని ఎందుకు తీసుకున్నావు?"

"నేను తీసుకోలేదు."

ఫీడిమస్ గొంతు ఇంకా ఎత్తాడు.

"ఆ రోజు నా నీళ్లు కదలలేదు. పొద్దు గుంకేదాకా వాణ్ణి మోశాను. ఓడలు వస్తాయని చూశాను. తెడ్లు వేసుకుని రేవుకు పోయారు. మీ పాపం తెచ్చి నా నెత్తిన రుద్దుతారా?"

లియోక్రిటస్ ఉగ్రుడై లేచాడు. "దించండి వాణ్ణి!"

పండుగపూట, పూజారి పక్కనే నిలబడి దేవుణ్ణి దించమనడం! ఆ ఊళ్లో అంతకు మించిన తప్పు లేదు. "దేవుణ్ణి దించడానికి నువ్వెవడివిరా?" అని ఎవరో అరిచారు. కొండ విరిగిపడ్డట్టు వేల మడమలు కూర్చున్న బల్లల్ని తన్నాయి; అక్కడ ఛీకొట్టడమంటే అదే.

ఆ మోత తగ్గాక పై వరుసలో ఒక ముసలాయన లేచాడు. ఆయనకిది నాటకం కాదు.

"స్వామీ, మా వాడిది ఎర్రజుట్టు. వాడు కేకలేశాడా?"

ఫీడిమస్ తాడు పట్టుకుని ఆయన వైపు వంగాడు.

"అందరూ కేకలేశారు తాతా. మా తమ్ముడు కూడా."

లియోక్రిటస్ బయటికి పోబోయాడు. దారి ఇవ్వడానికి ఆ వరుసలో ఒక్కరూ కాళ్లు ముడుచుకోలేదు.