చిరగని వల

పదకొండింటికి ఓడలోంచి యాత్రికులు దిగుతారు. పదిన్నరకి చూస్తే హోటలు ముందు ఇసుకలో పరిచిన వలకు ఒక్క చిరుగైనా లేదు. మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి.

రోజూ ఆ వల ముందు కూర్చునే జాలరామెకు చిరుగులు అల్లడమే ఉద్యోగం. ఒకప్పుడు ఆమె మొగుడి పడవ ఆగిన చోటే ఇప్పుడు హోటలు వాళ్ళ గొడుగులు, వాలు కుర్చీలు ఉన్నాయి. రేవు లాక్కున్నందుకు ఇద్దరికీ కొలువులిచ్చారు. పడవ నడిపి సరంగుగా బతికిన మొగుడు గేటు దగ్గర టోపీ పెట్టుకుని కారు తలుపులు తీస్తాడు. ఆమె వల అల్లుతుంటే అతిథులు ఫోటోలు తీసుకుంటారు. కొత్త గుడ్డకు దర్జీ చేత అతుకులు వేయించి మరీ ఆమెకు కట్టబెట్టారు. నిజంగా వేటకు వెళ్ళిన వలైతే నీచు కంపు కొడుతుందని కొత్త వల కొని, దానిమీద రోజూ అత్తరు చల్లుతారు. పేదరికం కళ్ళకు కావాలి గానీ ముక్కుకు అక్కర్లేదు.

సాయంత్రం బాగుచేసి వెళ్ళిన వల పొద్దుటికి మళ్ళీ చిరిగి ఉండేది. ఎలుకలు కొరికాయనుకునేది. కత్తెర కోతకూ ఎలుక కొరుకుడుకూ తేడా తెలియని చేతులు కావవి. అయినా ఎలుకలనే తిట్టుకుంది. అలా అనుకోకపోతే మర్నాడు పనికి రావడానికి కాళ్ళు కదలవు.

రోజూ రాత్రి వల కోసే తోటమాలి నిన్న జ్వరంతో రాలేదట. మేనేజరు ఆ సంగతి దాచాలని కూడా అనుకోలేదు. కత్తెర ఆమె ఒళ్ళో పడేసి, నాలుగు చోట్ల కోసుకుని కూర్చోమన్నాడు.

ఆమె కత్తెర తీసి పక్కన పెట్టింది.

"బాగున్న వలని కొయ్యడానికి నాకు చేతులు రావయ్యా," అంది.

మేనేజరు వాదించలేదు. గేటు దగ్గర నుంచి మొగుణ్ణి పిలిపించి, కొలువులో ఉంటే ఇద్దరూ ఉంటారు, పోతే ఇద్దరూ పోతారని అతని చెవిన వేశాడు.

సరంగు టోపీ చంకన పెట్టుకుని వల ముందు గొంతుక్కూర్చున్నాడు. "పోనీలేవే, ఇదేమన్నా మన వలా?" అని గొణిగాడు. అతనే కత్తెర అందుకుని కోశాడు. ఆమెకు అల్లడం తేలికయ్యేలా ఒక్కొక్క వలకన్నూ చూసుకుని, ఎంతో పొందికగా కోశాడు. ఆ పొందిక చూసి ఆమె మొహం తిప్పుకుంది. అతను నాలుగు తిట్టి పోయినా ఆమెకు ఇంత రోత పుట్టేది కాదు.

ఓడ జనం వచ్చారు. చుట్టూ మూగి ఫోన్లు ఎత్తారు. ఆమె సూది ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆమెకు పని తెలియదేమోనని ఒకాయన గాల్లో వేళ్ళు ఆడించి వల ఎలా అల్లాలో చూపించాడు.

మేనేజరు నవ్వు చెరగకుండానే వంగి, కానివ్వమని పళ్ళ బిగువున అన్నాడు.

"కోయించినవాళ్ళనే అల్లుకోమనండి," అందామె, గొంతు పెంచకుండా.

గేటు దగ్గర కారు హారను మోగుతూనే ఉంది. వల పక్కనే ఉన్న సరంగుకు అది వినబడింది. అయినా తలుపు తీయడానికి కదల్లేదు.