ఆయన జబ్బంటే నాకు కుళ్లు

దుప్పటి ఉతుకుతుంటే అత్తయ్య వెనకొచ్చి నిలబడింది. "ఏటమ్మా ఆ బాదుడు? ఇప్పుడే కన్నంటుకుంది ఆడికి."

దుప్పటి నిండా మూత్రం, రక్తపు జీరలు. మా ఆయన భానుప్రసాద్ ఛత్తీస్‌గఢ్‌లో, కిరండూల్ ఇనుప గనుల్లో కాంట్రాక్టు సూపర్‌వైజరు. విశాఖలో చదువుకునేటప్పుడు స్నేహితులతో సరదాకి కెటమిన్ పొడి పీల్చడం మొదలుపెట్టాడు. ఆపరేషన్లప్పుడు మత్తుకిచ్చే మందది. పెళ్లయ్యాక కూడా మానలేదు. ఏళ్లు గడిచేసరికి మూత్రపు సంచి పుండ్లు పడి కుంచించుకుపోయింది. ఇప్పుడు అరగంట ఆగలేడు. గనుల ధూళి పడలేదని కాలనీలో అందరికీ చెప్పుకుంది అత్తయ్య.

నాకు జాలి కలగాలి. కుళ్లు కలిగింది. ఆయన మూలిగితే చాలు, అత్తయ్య ఆయన పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టి, జుట్టు నిమురుతూ కూర్చుంటుంది. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. సాయంత్రం దాకా బిగబట్టుకోవడమే. నాకు మూత్రంలో మంటా చలిజ్వరమూ పట్టుకున్నప్పుడు ఇదే అత్తయ్య, "నీళ్లు తాగవు, మళ్లీ రోగాలంటావు" అంది. "ఆడాళ్లకివన్నీ మామూలే" అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆ రోజు నడుం పట్టుకుని మరీ ఆయన స్నేహితులకు కోడికూర వండాను.

చివరికి ముగ్గురం విశాఖ వెళ్లాం. డాక్టరు పెద్దావిడ. స్కాన్ చూసి, "కిడ్నీలు కూడా వాస్తున్నాయి. ఆ పొడి పూర్తిగా మానెయ్యాలి. లేకపోతే మూత్రపు సంచే తీసెయ్యాల్సి రావచ్చు" అంది. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, "చాలా నొప్పి పడుతున్నట్టున్నావు కదా బాబూ" అంది.

ఆ చేతిని చూస్తుంటే నా ఒళ్లు మండిపోయింది. అలా అడిగినవాళ్లు నాకు ఒక్కరూ లేరు.

అత్తయ్య కళ్లు ఒత్తుకుంది. "పెళ్లాం కనిపెట్టుకునుంటే ఇంతదాకా వొచ్చునా డాక్టరమ్మా?"

ఆయన లేచిన కుర్చీలో కూర్చున్నాను.

"పద శిరీషా, బండి టైమవుతోంది" అన్నాడు.

"మీరు వెళ్లండి. అత్తయ్య ఉన్నారుగా, చూసుకుంటారు. నేను ఇక్కడే ఉంటాను."

డాక్టరు వైపు తిరిగాను. "రెండేళ్లుగా మంటండీ, నాకు. ఇప్పుడు నన్ను చూడండి."