అద్దం మీద చెల్లెలి మాట

పందొమ్మిది వందల తొంభై మూడు, చలికాలం. దర్జీ పొద్దున్నే దుకాణం తెరిచి, మిషన్‌కి నూనె వేసి, వీధివైపు అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచాడు. నిన్నటి మాటలు అప్పటిదాకా దాని మీదే ఉన్నాయి. ఆ అద్దానికి ఎదురుగా ఎవరేం మాట్లాడినా కాసేపటికి ఆవిరిలా అక్షరాలు తేలేవి. పుట్టుకతో వినపడని దర్జీకి అది ఎంతో వీలు. బేరానికి వచ్చినవాళ్లు అద్దంవైపు తిరిగి, "నడుం దగ్గర రెండు వేళ్లు వదులు పెట్టు," అనేవాళ్లు. అతను చదువుకుని కత్తెర పట్టేవాడు. వీధిలో ఎవరికీ అది వింత కాదు. పక్క కొట్టు మంగలి మాత్రం, "మా ఆవిడ గురించి ఒక్క ముక్క అననివ్వదు కదరా ఇది," అని విసుక్కునేవాడు. ఆ విసుగు కూడా అద్దానికెక్కేది.

ఆ రోజు దర్జీకి పని మీద చెయ్యి నిలవలేదు. దుకాణం పైగది ఖాళీ అయింది. అందులో తనూ సిరావేలూ కాపురం పెట్టాలి. సిరావేలు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే మనిషి. అతనికీ వినపడదు. సిరా అంటిన వేలన్నట్టు బొటనవేలి మీద చూపుడువేలు రుద్దితే బధిరుల సంఘంలో అది అతని పేరు. అక్కడ ఈ ఇద్దరి సంగతి తెలియనివాళ్లు లేరు. "మొగుడూ పెళ్లాలు కూడా ఇంతలా కొట్టుకోరర్రా," అని అందరూ చేతులతో ఆటపట్టించేవాళ్లు. బయట మాత్రం అన్నదమ్ములమని చెప్పి మూడు ఇళ్లు తీసుకున్నారు. సంగతి తెలిసి ఇంటివాళ్లు మూడూ ఖాళీ చేయించారు.

"ఈసారి ముందే నిజం చెప్పు," అన్నాడు సిరావేలు. "లేదా నా దారి నాది."

చెప్పడానికి చెల్లెలు వచ్చింది. ఐదేళ్ల వయసు నుంచీ అన్నకి నోరు ఆమే.

దుకాణమూ పైగదీ ఇంటావిడవే. ఆవిడ దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. దర్జీ ఎదురుగా నిలబడి చేతులతో చెప్పాడు. "మేమిద్దరం ఆరేళ్లుగా ఒకటి. పెళ్లయినవాళ్లలాగే. మీకు ఇష్టమైతేనే గది ఇవ్వండి."

అన్న పెదవులు చూసి మాట పట్టగలడని చెల్లెలికి తెలుసు. కొంగు సర్దుకుంటున్నట్టు అతనికి వీపు తిప్పి మాట్లాడింది. తిరిగినవైపే అద్దం ఉంది. ఆమెకి దానితో ఏనాడూ పని పడలేదు, ఇప్పుడూ దాని సంగతి తట్టలేదు. అన్నతో ఆమెవన్నీ చేతి మాటలే.

ఇంటావిడ నవ్వి, తాళంచెవి తేవడానికి వెళ్లింది.

"ఒప్పుకుంది అన్నయ్యా. ఒక్క మాటా అనలేదు."

దర్జీ చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తలెత్తేసరికి ఆమె భుజం వెనక అక్షరాలు తేలాయి.

"మా అన్న చెప్పింది పట్టించుకోకండి పిన్నిగారూ. చెవులతో పాటు బుర్ర కూడా ఎదగలేదు. ఆ రెండోవాడు పట్టుకు వేలాడుతున్నాడు. నెల తిరక్కుండా నేనే తరిమేస్తాను. అన్నకి సంబంధం చూస్తున్నాం."

అతను రెండుసార్లు చదివాడు. చెల్లెలు వెనక్కి చూసి, కొంగుతో తుడవబోయింది. దర్జీ అడ్డం నిలబడ్డాడు.

"నీ మంచికే అన్నయ్యా."

"బడిలో నా గురించి ఏం చెప్పావు? ఆస్పత్రిలో?"

ఆమె చేతులు కొంగులో దూర్చుకుంది.

"మరి ఇన్నేళ్లూ నేను ఎవరితో మాట్లాడాను?"

ఇంటావిడ తాళంచెవితో వచ్చింది. దర్జీ ఆమెకి అద్దం చూపించి, బల్ల మీది నల్లగుడ్డ పైన సుద్దతో రాశాడు. "నేను చెప్పింది ఇది కాదు. అతను నా మనిషి. మేం కాపురం చేస్తాం."

ఆవిడ రెండూ చదివి, అద్దంవైపు తిరిగి తాపీగా మాట్లాడింది. చెల్లెలు అలవాటుకొద్దీ చేతులెత్తింది. దర్జీ ఆ చేతులు చూడలేదు. అక్షరాల కోసం ఆగాడు.

"నీళ్లు ఆరింటికి వస్తాయి. మెట్ల మీద చెప్పులు వదలకండి. నీ చెల్లెల్ని మాత్రం మళ్లీ తేకు. నా కొట్లో నిలబడి నాకే అబద్ధం చెప్పింది."

ఆ సాయంత్రమే సిరావేలు ట్రంకుపెట్టెతో మెట్లెక్కాడు. ఇద్దరూ ఆ గదిలో ఇరవై రెండేళ్లు ఉన్నారు.

చెల్లెలికి ఆరేళ్ల కూతురు. మేనమామ దగ్గర చేతి మాటలు నేర్చి, నిద్రలో కూడా వేళ్లు కదిపేది. ఆ రోజు తర్వాత తల్లి పిల్లని దుకాణంవైపు పంపలేదు. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లకి ఒక్క చేతి మాటా గుర్తులేదు.