మూడో నిప్పుకోడి

తన కంప్యూటర్ మీద ఎవరో చెయ్యి వేస్తున్నారని గడియారానికి సోమవారం అనుమానం వచ్చింది. మంగళవారానికి అది నమ్మకమైంది. బుధవారం మధ్యాహ్నం టీ తాగేలోపు ఆ చెయ్యి ఎవరిదో కూడా తేల్చేసుకుంది.

గడియారం అంటే గోడకి వేలాడేది కాదు. నలభై ఏడేళ్ళ మనిషి, పదమూడేళ్ళుగా ఒక చిన్న ఆటల కంపెనీలో ఆటలు ఆడి చూసే ఉద్యోగి. అక్కడ తయారయ్యేవి పాటకి తగ్గట్టు బటన్ నొక్కే ఆటలు. ఎంతవరకు ఆలస్యంగా నొక్కితే ఒప్పుకోవచ్చు, ఎక్కడ దాటితే తప్పు అనాలి అన్నది ఆమె వేలే తేలుస్తుంది. ఆ వేలు ఏనాడూ తాళం తప్పదని ఆఫీసంతా కలిసి ఆ పేరు పెట్టారు. పైకి విసుక్కుంటుంది గానీ, ఆ పేరంటే ఆమెకి ప్రాణం.

ఆ కంపెనీ పెట్టిన పెద్దాయన కుర్రతనంలో జపాను నుంచి వచ్చిన ఒక తిక్క ఆటల వరసకి పడిపోయాడట. అప్పటి నుంచి ఆయన చేయించే ఆటలన్నిటికీ అదే పిచ్చి. కథ అక్కర్లేదు, కథ వాసన ఉంటే చాలంటాడు. ఏదో ఒక జంతువుకి మనుషుల ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఉద్యోగం ఎంత పనికిమాలినదైతే అది అంత శ్రద్ధగా చెయ్యాలి. వరసలో ముగ్గురుంటే ఆడేవాడు మూడోవాడే కావాలి, అదీ అందరిలోకీ పొట్టివాడు. వాడు తప్పితే పక్కనున్న ఇద్దరూ పని ఆపి, మాట్లాడకుండా, తల తిప్పి వాడి మొహంలోకి చూడాలి. ఇక పని చేతికి వచ్చిందని ధీమా కలిగే సమయానికి తెరకి ఏదో అడ్డం పడిపోవాలి, మంచో, పొగో, ఎవరో లావుపాటాయన వీపో. అక్కణ్ణుంచి కళ్ళు పనికిరావు, చెవే దిక్కు. ఇవన్నీ అయ్యాక ఎవరో ఒక యజమాని వచ్చి ఒక్క ముక్కలో తీర్పు చెప్పి పోతాడు. ఇన్నేళ్ళుగా ఇదే వంటకం వండుతున్నా పిల్లలు ఎగబడి ఆడుతూనే ఉన్నారని పెద్దాయన మురిసిపోతుంటాడు.

ఈసారి వంతు నిప్పుకోళ్ళది. ఒక లాండ్రీలో మూడు నిప్పుకోళ్ళు చొక్కాలు మడత పెడుతుంటాయి. మడత, మడత, చరుపు. సగంలో ఇస్త్రీపెట్టె ఆవిరి తెరంతా కమ్ముకుంటుంది. ఆవిరి విడిపోయాక యజమాని అయిన ఏనుగు వచ్చి "చొక్కా చొక్కాలాగే ఉంది" అంటే గెలిచినట్టు. శుక్రవారం ఆ ఆట బయటికి వెళ్ళాలి. వెళ్ళే ముందు కాగితం మీద 'పరీక్షించినవారు' అన్నచోట గడియారం సంతకం పెట్టాలి. ఇంతకు ముందు వచ్చిన ఎనిమిది ఆటల మీదా ఆమె సంతకమే ఉంది. ఆ సంతకానికి విలువ పోతే ఆమెకి ఆ గదిలో కుర్చీ ఉండదు, ఆ వయసులో ఇంకెక్కడా దొరకదు కూడా.

సోమవారం ఏం జరిగిందంటే, బొమ్మలు గీసే అమ్మాయి సీట్లో లేకపోతే గడియారం ఊరికే ఆమె కంప్యూటర్ మీద నిప్పుకోళ్ళ ఆట ఆడింది. ఆవిరిలో నాలుగు తప్పులు పడ్డాయి. నాలుగుసార్లూ ఆ రెండు పక్షులూ తల తిప్పి ఆమెని చూశాయి. తన కంప్యూటర్ మీద ఆడితే ఒక్కటి కూడా తప్పలేదు. ఇదేమిటని లోపలి అంకెలు తీసి చూసింది. ఆవిరి ఉన్న భాగంలో అరవై మిల్లీసెకన్లు ఉండాల్సిన గడువు, తన దాంట్లో నూట నలభై ఉంది. అంటే సోమరిపోతు కూడా గెలిచేటంత వదులు. రాత్రిపూట అన్ని కంప్యూటర్లలోకీ కొత్త కాపీ దిగి, అసలు అంకెలు వాటంతటవే తిరిగొస్తాయి. పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో ఎవరో మళ్ళీ వదులు చేస్తున్నట్టు ఫైలు మీద టైము పడి ఉంది.

బొమ్మలమ్మాయి దాంట్లో తప్పులు ఎందుకు పడ్డాయో కూడా ఆమె తనకి తానే చెప్పుకుంది. ఆ పిల్ల కీబోర్డు నిండా బిస్కెట్ పొడి. పైగా పాట కట్టినవాడిది తప్పు. ఆవిరి కమ్మాక పాటలో ఏమీ ఉండదు, శుద్ధ ఖాళీ. పాట కట్టింది సాక్షాత్తూ ఆమె తమ్ముడే. నెల రోజులుగా ఆమె వాణ్ణి ఉతికి ఆరేస్తోంది, అక్కడ ఏదైనా పెట్టరా, చీకట్లో తడుముకున్నట్టుంది అని. వాడు తల వంచుకొని "చూస్తాలే అక్కా" అని తప్పుకుంటాడు.

సరే, మరి అంకెలు మార్చే దొంగ ఎవడు? పొద్దున్నే వచ్చేది ఒక్కడే, ఆటలు ఆడి చూసే పనికే రెండు నెలల కింద చేరిన కొత్తాయన. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, అడగకుండానే టీ తెచ్చిపెడతాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే గడియారానికి ఆ టీ మొదటి రోజే మింగుడుపడలేదు. ఇప్పుడు లెక్క కుదిరింది. ఆమె సంతకం పెట్టిన కాపీయే బయటికి పోయేది కాబట్టి, ఆట వదులు అంకెలతోనే పోతుంది, చప్పగా ఉందని పిల్లలు పారేస్తారు, సంతకం ఎవరిదని వెతుకుతారు, కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ కుర్చీలో ఈ నవ్వుమొహం కూర్చుంటుంది.

దానికి తోడు వారం నుంచి ఆఫీసులో ఎవరూ ఆమె కళ్ళలోకి సూటిగా చూడటం లేదు. ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగుతున్నాయి. తమ్ముడికి చెబితే వాడు బూట్ల తాడు ముడి వేసుకుంటూ అన్నాడు:

"నీకు అనుమానం ఎక్కువైందక్కా. ఆయన మంచోడే."

"మంచోడో కాదో పట్టుకున్నాక చెప్తా."

"ఎందుకొచ్చిన గొడవ? శుక్రవారం సంతకం పెట్టెయ్, అయిపోతుంది."

"ఏంటి అయిపోయేది?" అంది ఆమె. వాడు రెండో బూటు కూడా ముడి వేసుకున్నాడు. అది ముందే వేసి ఉంది.

గురువారం పొద్దున ఏడున్నరకే ఆమె ఆఫీసు తలుపు తీసి, పాటలు రికార్డు చేసే గాజు గదిలో దూరింది. లోపల దీపం వెయ్యలేదు. మైకు స్టాండు వెనక స్టూలు మీద, కళ్ళలో వత్తులు వేసుకొని కూర్చుంది. దొంగతనం చేస్తున్నది తనే అన్నట్టు మరింత ముడుచుకుంది.

ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు కొత్తాయన వచ్చాడు. కిటికీలు తెరిచాడు. టిఫిన్ డబ్బా విప్పి నింపాదిగా తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు, పేపరు పరుచుకున్నాడు. ఆమె కంప్యూటర్ వైపు తల కూడా తిప్పలేదు. ఎంత నటన అనుకుంది గడియారం. ఇంకాసేపట్లో లేస్తాడు చూడు అనుకుంది.

ఎనిమిది దాటి పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. తమ్ముడు వచ్చాడు. కొత్తాయన తలెత్తి చూసి, ఏదో తెలిసినవాడిలా మళ్ళీ పేపర్లోకి తల దించాడు. తమ్ముడు నేరుగా వచ్చి అక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫైలు తీశాడు. రెండు అంకెలు చెరిపి మూడు అంకెలు కొట్టాడు.

ఆమె గాజు తలుపు తోసుకొని బయటికి వచ్చింది.

"ఒరేయ్!"

వాడు ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. కొత్తాయన పేపరు మడిచి బయటికి వెళ్ళబోయాడు.

"మీరు ఉండండి" అంది ఆమె. "మీకు తెలుసన్నమాట. ఎవరెవరికి తెలుసు?"

కొత్తాయన తమ్ముడి వైపు చూశాడు.

"ఎందుకురా? ఎవడైనా చేయించాడా నీతో? నా నోట్లో మట్టి కొట్టడానికి నువ్వే దొరికావా?"

"మట్టి కొట్టడమేంటక్కా... నువ్వు సంతకం పెట్టగానే మళ్ళీ అరవై చేసేద్దామనుకున్నా. ఆటకేం కాదు."

"మరి నూట నలభై ఎవరి కోసం?"

"నీ కోసమే. నెల రోజుల నుంచి ఆవిరి వచ్చినప్పుడల్లా నువ్వు వెనకబడుతున్నావు. బొమ్మలు కనిపించినంతసేపూ బాగానే ఆడతావు. ఆవిరిలో గంట మోగిన చోట నొక్కాలి కదా, అక్కడ..."

"ఏ గంట?"

అడిగింది మామూలుగానే. కానీ తమ్ముడి మొహం చూసేసరికి ఆ ప్రశ్న మామూలుది కాదని ఆమెకి అర్థమైంది.

వాడు పాట పెట్టాడు. శబ్దం పెంచాడు. మడత, మడత, చరుపు అన్నీ వినిపించాయి, డ్రమ్ము వినిపించింది, నిప్పుకోడి అరుపు వినిపించింది. ఆవిరి కమ్మింది. ఆమెకి నెల రోజులుగా తెలిసిన అదే ఖాళీ. స్పీకరుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే కొత్తాయన కాలి బొటనవేలు చెప్పులో సన్నగా ఆడుతోంది, లెక్కగా, ఆగి ఆగి. అతనికి వినిపిస్తోంది.

"సన్నటి గంట అక్కా. పైస్వరంలో ఉంటుంది" అన్నాడు తమ్ముడు. "నువ్వు ఖాళీ ఖాళీ అంటుంటే మొదట వేళాకోళం అనుకున్నా."

ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒళ్ళంతా మండిపోయింది. 

"ఆ బొమ్మ పక్షులకున్న బుద్ధి కూడా మీకు లేదేంట్రా? పక్కది తప్పితే మొహంలోకి చూస్తాయవి. చూస్తాయి కాబట్టే మూడోది దిద్దుకుంటుంది. మీరందరూ కలిసి మొహాలు పక్కకి తిప్పుకున్నారు. నాకు చెవి పోయిందని నాకు తప్ప ఊరందరికీ తెలుసు!"

"చెప్పడం నా వల్ల కాలేదక్కా. ఈ పని తప్ప నీకేముంది?"

ఆ మాట నిజం కాబట్టి మరీ గట్టిగా తగిలింది. ఆమె కుర్చీ లాక్కొని కూర్చొని మూడు అంకెలూ చెరిపి అరవై కొట్టింది.

పదింటికి అందరూ వచ్చాక పెద్దాయన్ని కూడా పిలిచి, పెద్ద తెర మీద ఆడింది. ఆవిరిలో ఐదు తప్పులు. ఏనుగు వచ్చి చొక్కా ఎత్తి చూసి "ఇది లుంగీనా?" అంది. మామూలుగా ఆ మాటకి గదంతా నవ్వుతుంది. ఇవాళ అందరూ నేలకేసి చూస్తున్నారు. బొమ్మలమ్మాయి మాత్రం తలెత్తి, కళ్ళ నిండా నీళ్ళతో, ఆమె మొహంలోకి సూటిగా చూసింది. గడియారానికి ఆ చూపు ఎంతో హాయిగా అనిపించింది.

"నాకు గంట వినిపించదు సార్" అంది పెద్దాయనతో. "ఈ ఆటకి నేను సంతకం పెట్టను. కొత్తాయన ఆడతారు. ఆడి ఆయనే పెడతారు."

కొత్తాయన చేతులు తుడుచుకొని కూర్చున్నాడు. చొక్కాలు చకచకా మడతలు పడ్డాయి. ఆవిరి కమ్మింది. గడియారం తెర వైపు చూడలేదు, అతని వేలినే చూస్తూ నిలబడింది. వేలు పడుతోంది, లేస్తోంది. మూడోసారి పడబోయి గాల్లో ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత పడింది. పక్షులు తల తిప్పి చూశాయి.

"అరెరె" అన్నాడు అతను. "కష్టమేనండీ ఇది. ఎవరికైనా తప్పుతుంది."

"ఆపండి" అంది గడియారం.

కొత్తాయన వేలు బటన్ మీదే ఆగింది.

"కావాలని తప్పారు. వినడం పోయింది గానీ చూడటం పోలేదు నాకు. పదమూడేళ్ళుగా వేళ్ళే చూస్తున్నా. పోనీలే పాపం అని ఆడకండి. మళ్ళీ మొదట్నించి, నిజంగా ఆడండి."

కొత్తాయన మొహం ఎర్రబడింది. రెండు నెలల్లో మొదటిసారి అతను నవ్వకుండా ఆమె వైపు చూశాడు. మళ్ళీ ఆడాడు. ఈసారి ఒక్కటీ తప్పలేదు. ఆవిరి ఉన్నంతసేపూ గదిలో ఉన్నవాళ్ళ తలలు తెలియకుండానే కలిసి ఊగాయి. ఆమె తల ఒక్కటే ఊగలేదు. ఏనుగు తీర్పు చెప్పాక ఆమె కాగితం అతని ముందుకి జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.

"మరి నీ సంగతేంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ముందు చెవుల డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ తర్వాత మీరు ఏం చెప్తే అది" అంది. ఆయన ఏం చెప్తాడోనని భయంగానే ఉంది.

అందరూ వెళ్ళాక తమ్ముడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పాట పెట్టమంది. కుడి అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా చాపింది.

"గంట మోగిన చోటల్లా ఇక్కడ కొట్టు."

వాడు చూపుడువేలితో కొట్టాడు. చరుపుకీ మడతకీ మధ్య, ఎవరూ ఊహించని సందులో ఒకటి పడింది. తర్వాతది ఒక వెంట్రుకంత ఆలస్యంగా, కొంటెగా పడింది. ఆ తర్వాత రెండు జంటగా వచ్చి, మూడోది రాకుండా ఊరించి, పక్షి అరిచే ముందు దిగింది. ఆమె పాట అయ్యేదాకా చెయ్యి కదల్చకుండా కూర్చుంది.

"ఇంత బాగా కట్టి" అంది, "నెల రోజులు నా చేత తిట్లు తిన్నావేంట్రా, వెధవా."