చస్తే పూర్తి సొమ్ము

బీమా కంపెనీ ఉత్తరం రెండువేల మూడు జనవరి రెండో మంగళవారం వచ్చింది. మా ఆయన క్లిఫర్డ్ దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాడు. తర్వాత నావైపు తోశాడు.

"మ్యూరియల్, నువ్వోసారి చూడు. నాకు బుర్ర తిరిగిపోతోంది."

చూశాను. మా లాభాల వాటా పత్రం విలువ పదివేల ఆరువందల పౌండ్లు అని పైన ఉంది. ఈ రోజు తీసుకుంటే చేతికొచ్చేది తొమ్మిదివేల పది అని కింద ఉంది. పదిహేను వందల తొంభై పౌండ్లు ఆ రెండు వరసల మధ్య మాయమైపోయాయి. మూడేళ్లుగా షేర్లు పడిపోతున్నాయట. అందుకని మధ్యలో వెళ్లిపోయేవాళ్ల సొమ్ములో వందకి పదిహేను కోస్తారట. అదీ ఉండిపోయేవాళ్ల మేలు కోరేనట. దానికి 'మార్కెట్ విలువ సర్దుబాటు' అని పేరు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. సర్దుబాటంటే ఇద్దరూ చెరికాస్త సర్దుకోవాలి కదా, ఇక్కడ సర్దుకున్నది మేమొక్కళ్లమే!

ఆ సొమ్ము గాల్లోంచి ఊడిపడింది కాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు మోస్లీ మిల్లులో దూది దుమ్ము మింగాక, మిల్లు మూసేస్తూ క్లిఫర్డ్ చేతిలో పెట్టిన ఎనిమిదివేలు. తొంభై ఏడులో నార్మన్ బక్లీ మా ఇంటికొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఆ డబ్బు పత్రంలో పెట్టించాడు. నార్మన్ కంపెనీ ఏజెంటు. అంతకంటే ముఖ్యం, మా ఊరి ఇత్తడి బ్యాండులో కార్నెట్ వాయిస్తాడు. క్లిఫర్డ్ అదే బ్యాండులో యూఫోనియం అనే పెద్ద మీటల బాకా ఊదుతాడు. ముప్పై ఏళ్లుగా ఒకే గదిలో సాధన, ఒకే బస్సులో పోటీలకు ప్రయాణం. అలాంటివాడు తెచ్చిన కాగితాన్ని మా ఊళ్లో ఎవరూ చదవరు. చదివితే అవమానించినట్టే. మేమూ చదవలేదు, గీత గీసిన చోటల్లా క్లిఫర్డ్ సంతకం పెట్టాడు.

నార్మన్ ఆ రోజు మా చక్కెర గిన్నెలోంచి మూడు చెంచాలు తీసి సాసర్లో పోశాడు. "మంచి ఏళ్లలో లాభమంతా పంచెయ్యరు, ఇదిగో, ఇలా కొంత పక్కన పెడతారు. చెడ్డ ఏడు వస్తే మళ్లీ ఇందులోంచి పోస్తారు. ఎగుడుదిగుళ్లు మీకు తెలియనే తెలియవు" అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో! ఇప్పుడు చెడ్డ ఏళ్లు వచ్చాయి. మరి ఆ పక్కన పెట్టిందేదీ?

మాకు ఆ డబ్బు సరదాకి అక్కర్లేదు. క్లిఫర్డ్ కుడి తుంటి పూర్తిగా అరిగిపోయింది. మేడ మెట్లు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగుతాడు. మేజోడు నేను తొడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో వరస వచ్చేసరికి పద్నాలుగు నెలలన్నారు, అదీ ఎవరూ వాయిదా వెయ్యకపోతే. మాంచెస్టర్లో డబ్బు కడితే ఫిబ్రవరిలోనే చేస్తారు. ఎనిమిదివేల రెండువందలు. కోత పోయినా సరిపోతుంది, బస్సు ఛార్జీలకు కూడా మిగులుతుంది.

కిందటి మే నెలలో, విట్ పండగ శుక్రవారం నాడు, మా బ్యాండు క్లబ్బు బయట కుర్చీలో కూర్చోబెట్టారు ఆయన్ని. ఆ రోజు బ్యాండ్లన్నీ ఊరూరా వీధుల్లో కవాతు చేస్తూ వాయిస్తాయి, నడవలేనివాడికి అందులో చోటు లేదు. మా బ్యాండు వంపు తిరిగి వెళ్లిపోతుంటే ఆయన కుడి చేతి వేళ్లు ప్యాంటు మీద పాటకి సరిగ్గా ఆడుతూనే ఉన్నాయి. నేను చూడనట్టు నటించాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఏడ్చాను.

"తీసేద్దాం" అన్నాను ఉత్తరం మడుస్తూ. "పోతే పోనీ పదిహేను వందలు."

"పోనీ అంటావేంటి! మిల్లులో మూడు నెలల జీతం అది. రెండువేల ఏడులో పదేళ్లు నిండుతాయి, ఆ రోజున తీసుకుంటే పైసా కొయ్యరని రాశారుగా. వాళ్లకి ఊరికే ధారపొయ్యమంటావా?"

"అప్పటిదాకా కుంటుతావా? మహారాజు పంతం! నీ కాలితో వాళ్ల మీద కక్ష తీర్చుకుంటావా?"

"నా కాలు, నా ఇష్టం."

"మేజోడు తొడిగేది నేను. సగం కాలు నాదే."

ఆయన నవ్వలేదు. పత్రం ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది, ఆయన సంతకం లేనిదే పెన్నీ రాదు. అందుకే నేను కంపెనీకి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక పిల్ల పలికింది. ఏ సందర్భంలో కోత ఉండదో చెప్పమ్మా అని అడిగాను.

"రెండు సందర్భాలు మేడమ్. పదేళ్లు నిండిన రోజున తీసుకుంటే ఉండదు. పాలసీదారు మరణిస్తే ఉండదు."

"అంటే మా ఆయన చస్తే పూర్తి సొమ్ము ఇస్తారు. నడవాలంటే కోస్తారు. అంతేనా?"

"మీ బాధ నాకు అర్థమైంది మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆ పిల్లని అని ఏం లాభం, కాగితం చూసి చదువుతోంది పాపం. కానీ ఆ కాగితం రాసినవాడెవడో నాకు ఎదురుపడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. విషయం చెప్పేసరికి క్లిఫర్డ్ ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

"అయితే దారి దొరికిందన్నమాట. దిండు పట్టుకురా మ్యూరియల్, పని కానిచ్చేద్దాం."

"నోర్ముయ్."

"ముందు నార్మన్ని అడుగుదాం. వాడు ఏం చెప్తే అదే."

నార్మన్ ఆదివారం సాధన అయ్యాక వచ్చాడు. ఉద్యోగం వదిలి ఏడాది దాటింది, కాస్త ఒళ్లు చేశాడు. టీ పోశాను, అల్లం కేకు కోసి పెట్టాను. ఉత్తరం చూసి, అంతా తెలిసినవాడిలా తల ఊపాడు.

"కంగారు పడకు క్లిఫ్. ఇప్పుడు తీసినవాడే నష్టపోతాడు. మార్కెట్ లేస్తుంది, ఎప్పుడూ లేస్తుంది. పదేళ్ల రోజు దాకా గట్టిగా కూర్చో."

"విన్నావా?" అన్నాడు క్లిఫర్డ్ నాతో.

కూర్చో! ఆ మాట నా చెవిలో గుచ్చుకుంది. ఆయన ఏడాదిగా చేస్తున్నది అదే. కేకు తింటున్న నార్మన్ కేసి చూస్తూ నేను మామూలుగానే అడిగాను, అంతకుముందు అనుకుని కూడా లేదు.

"నీ పత్రం ఎంతకి పడిపోయింది నార్మన్? నువ్వూ మాతోపాటే పెట్టానన్నావుగా, పన్నెండువేలో ఎంతో."

నార్మన్ కేకు ముక్క పళ్లెంలో పెట్టాడు.

"నాది... నేను తీసేశాను."

"ఎప్పుడు?"

"మొన్న... కాదు, రెండువేల ఒకటి ఆగస్టులో. వెనకాల అద్దాల గది కట్టించుకున్నాం కదా."

"కోత ఎప్పుడు మొదలైంది?"

"అక్టోబర్లో."

క్లిఫర్డ్ తన చేతికర్రని గోడకి ఆనించి నెమ్మదిగా అడిగాడు. "నీకు తెలుసా?"

"ఆఫీసులో గుసగుసలు ఉండేవి క్లిఫ్. ఖాయమని కాదు. ఖాతాదార్లకి చెప్పకూడదని మాకు గట్టిగా చెప్పారు. ఒకళ్లకి చెప్తే అందరూ ఎగబడతారు కదా. నా ఉద్యోగం పోయేది."

"ఆ ఆగస్టు అంతా మనం ప్రతి ఆదివారం పక్కపక్కనే కూర్చున్నాం."

"నిజమే."

"ఇంటికి వెళ్లేటప్పుడు నా వాద్యం నువ్వే మోసేవాడివి. తుంటి నొప్పని."

ఇక నేనందుకున్నాను. నలభై ఏళ్ల కాపురంలో వచ్చినవాళ్ల మీద గొంతు ఎత్తని దాన్ని, ఆ రోజు పక్కింటికి వినపడేలా అరిచాను. నువ్వు మాత్రం ముందే దిగిపోయి మమ్మల్ని అందులోనే కూర్చోబెట్టావు, ఇప్పుడు కూడా కూర్చోమనే అంటున్నావు, మా ఎనిమిదివేలు పెట్టించినందుకు నీకెంత ముట్టింది అని అడిగాను. నాలుగువందలు అన్నాడు, నేల చూస్తూ. క్లిఫర్డ్ చేత సంతకం పెట్టించి నాలుగువందలు పుచ్చుకుని, బ్యాండు క్రిస్మస్ విందులో మా ఇద్దరికీ చెరొక గ్లాసు షెర్రీ వైను కొనిపెట్టాడు. అప్పుడు ఎంత మంచివాడో అనుకున్నాను!

"తిట్టకులే వాణ్ణి" అన్నాడు క్లిఫర్డ్. "సొరుగులో డబ్బు వెనక్కి తీసుకునే ఫారం ఉంది, తీసుకురా."

"క్లిఫ్, కోపంలో నిర్ణయాలు తీసుకోకు" అన్నాడు నార్మన్.

"ఇన్నాళ్లూ డబ్బు తియ్యనిదే కోపంతో నార్మన్. వాళ్లకి పదిహేను వందలు వదలకూడదన్న పంతం. నువ్వు పక్కనుండి చెప్తున్నావు కదా, తప్పు జరగదులే అన్న ధీమా. ఆ ధీమా పోయాక ఇక దేనికి ఆగాలి?"

ఫారం తెచ్చాను. క్లిఫర్డ్ తన సంతకం జాగ్రత్తగా, బడిపిల్లాడిలా పెట్టాడు. ఫారంలో అడుగున సాక్షి అని ఇంకో గడి ఉంది, కుటుంబంలో వాళ్లు కాకూడదట. ఆయన కాగితం తిప్పి నార్మన్ ముందుకి జరిపాడు.

"ముందు చదువు. పైకి చదువు. ఈసారి చదివే సంతకాలు పెడదాం."

నార్మన్ చదివాడు. విలువ పదివేల ఆరువందలు. తగ్గింపు పదిహేను వందల తొంభై. చెల్లించేది తొమ్మిదివేల పది. ఆఖరి అంకె రెండుసార్లు చదవాల్సి వచ్చింది, నాకు జాలి కలగలేదు. సంతకం పెట్టి, తేదీ వేసి, కలం మూత పెట్టాడు.

"క్లిఫ్, వచ్చే ఆదివారం సాధనకి నేను కారు తేనా?"

"అక్కర్లేదు."

నార్మన్ టోపీ తీసుకుని తలుపు దాకా వెళ్లి, ఇంకేమైనా అంటామేమోనని ఒక్క క్షణం ఆగాడు. ముప్పై ఏళ్లలో అతన్ని గేటు దాకా సాగనంపకుండా క్లిఫర్డ్ ఎన్నడూ ఉండలేదు, కర్ర పట్టుకున్న ఈ ఏడాదిలో కూడా. ఆ రోజు కుర్చీలోంచి కదల్లేదు. కాలు నొప్పివల్ల కాదు.