తప్పయినా అందరం కలిసి

కొత్తగా చేరినవాళ్ళకి మా వదిన మొదటి రోజే ఒక మాట చెప్పేది. "నేను తప్పు చెప్పినా సరే, చెప్పిందే చెయ్యండి. తప్పయినా అందరం కలిసి చేస్తే ఎవరూ ఎవరి కాలూ తొక్కరు." ఫర్నిచర్ షాపు పైన అద్దె హాల్లో, శనివారం సాయంత్రాలు, మేం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఆడేవాళ్ళం. వదిన మధ్యలో నిలబడి కుడి, ఎడమ, తిరుగు, చప్పట్లు అని కేకేసేది. అన్నయ్య మూలన స్పీకరు దగ్గర కూర్చుని పాటలు పెట్టేవాడు. మాలో ఎవరికీ డాన్సు రాదు. పళ్ళ డాక్టరు ఉన్నాడు, నడుం పట్టేసిన పోస్ట్‌మాన్ ఉన్నాడు, ఇంట్లో మొగుడి గురక తప్ప వేరే సంగీతం ఎరగని మందుల షాపావిడ ఉంది. నేను బస్సు కండక్టర్ని.

వదినకి ఒక పిచ్చి ఉండేది, తను లేకపోయినా గుంపు నడవాలని. అందుకే ప్రతి వారం ఎవరో ఒకరిని మధ్యలోకి లాగి ఒక పాట నడిపించమనేది. పళ్ళ డాక్టరుకి అక్కడ నిలబడితే గొంతు పెగిలేది కాదు. రోజంతా అందరి నోళ్ళూ తెరిపించే మనిషి, తన నోరు తెరవలేకపోయేవాడు. నన్ను లాగితే మాత్రం హాలు అదిరిపోయేది. "గొంతు నీకు బస్సు ఇచ్చింది, చూపు నువ్వే తెచ్చుకోవాలి. పాదాలు కాదు, మొహాలు చూడు. తడబడేవాళ్ళు మొహంలోనే ముందు తెలిసిపోతారు," అనేది వదిన. నాకు ఓపిక తక్కువ. మాట విననివాణ్ణి స్టాపు కాని చోట దించేసే రకాన్ని. వద్దు మొర్రో అని మళ్ళీ వరసలోకి పారిపోయేదాన్ని.

కిందటి చలికాలం వదిన కేకలు తప్పడం మొదలైంది. తిరుగు అనాల్సిన చోట చప్పట్లు అనేది. వేసిన కేకే మళ్ళీ వేసేది. మేం చెప్పిందే చేశాం. కొత్త స్టెప్పులు కనిపెడుతోందని మొదట్లో నవ్వుకున్నాం కూడా. ఒకరోజు వదిన పైన హాలుకి తాళం వేస్తుంటే అన్నయ్య మమ్మల్ని మెట్ల దగ్గర ఆపాడు. ఇంట్లో కూడా స్టవ్ మీద గిన్నె పెట్టి మర్చిపోతోందనీ, అడిగితే చిన్నబుచ్చుకుంటోందనీ చెప్పాడు. "మీకు పుణ్యం ఉంటుంది, తనకి తెలియనివ్వకండి. ఈ హాలొక్కటే తనకి మిగిలింది," అన్నాడు. మా అన్నయ్య ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అందరం తలూపాం.

ఇక చూసుకోండి మా పనితనం. ఆవిడ తానా అంటే మేం తందానా. నోటితో ఎడమ అని చేత్తో కుడి చూపిస్తే, ఏది చెయ్యాలో కళ్ళతోనే తేల్చుకుని ఒక్కసారిగా కదిలేవాళ్ళం. గొర్రెదాటుకి ప్రేమని పేరు పెట్టుకున్నాం. నిజం చెప్పొద్దూ, అంత బాగా మేం ఎప్పుడూ ఆడలేదు.

వేసవిలో పక్క పేట గుంపు మాతో ఆడటానికి వచ్చింది. మాలో ఒకరు, వాళ్ళలో ఒకరు చొప్పున కలిసి నిలబడ్డాం. వాళ్ళకి ఆ పాట స్టెప్పులు తెలుసు, మా నియమం తెలియదు. ముందుకి రావాల్సిన చోట వదిన "వెనక్కి" అంది. వాళ్ళు ముందుకొచ్చారు, మేం వెనక్కి అడుగేశాం. పట్టుకున్న చేతులు ఊడిపోయి పోస్ట్‌మాన్ మోకాళ్ళ మీద పడ్డాడు. అన్నయ్య పాట ఆపేశాడు. వదిన పడ్డవాణ్ణి చూడలేదు. మా మొహాలు చూసింది, ఒక్కొక్కరివీ. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. చివరికి నా దగ్గర ఆగింది.

"ఎప్పట్నుంచి?"

నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని మింగాను. "చలికాలం నుంచి."

"అందరికీ తెలుసా?"

"తెలుసు వదినా."

"మీ అన్నయ్యకి?"

నేను స్పీకరు వైపు చూశాను. ఆవిడకి ఆ చూపు చాలింది.

"మీకు నడిపించడం నేర్పుతున్నాననుకున్నాను," అంది. "వెంట రావడమే నేర్పానన్నమాట. ఒక్కళ్ళయినా ఆగలేదే."

తిట్టినా బాగుండేది. ఆ వారమే అన్నయ్య ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్తే, మతిమరుపు జబ్బనీ, ఇంకాస్త ముందే తీసుకొస్తే మందులతో కొన్నాళ్ళు నిలబెట్టేవాళ్ళమనీ అన్నారట. ఆ మాట మాకు చెప్తూ చెప్తూ అన్నయ్య మెట్ల మీదే కూలబడ్డాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, మా అందరి మీదా వచ్చింది. అంతలోనే ఆయన వంగిన వీపు చూసి పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

ఆ శనివారం వదినే నన్ను మధ్యలో నిలబెట్టింది. ఈసారి పారిపోలేదు. ముందుగా పాత నియమం తీసేశాను. నేను తప్పు చెప్తే ఆగిపొమ్మన్నాను, చెయ్యెత్తి తప్పని చెప్పమన్నాను, కాళ్ళు తొక్కుకుంటే తొక్కుకుందామన్నాను. వదిన వరసలో నిలబడి తలూపింది. అన్నయ్య పాట పెట్టి వచ్చి ఆవిడ పక్కన చేరాడు.

కుడి అన్నాను. చప్పట్లు అన్నాను. ఎడమ అన్నాను. వదిన ఆగిపోయింది. చెయ్యెత్తి, "తప్పు. అక్కడ తిరగాలి," అంది. ఎన్నాళ్ళకో ఆవిడ మొహం విప్పారింది.

తప్పు కాదు. అక్కడ ఎడమే. ఆ పాట నాకు నేర్పింది ఆవిడే.

అందరూ నా వైపు చూశారు. ఔనని ఒక్క మాటంటే ఆవిడ ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉంటుంది. అన్నయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు. మందుల షాపావిడ అప్పుడే తిరగడానికి పాదం తిప్పింది కూడా.

"తప్పు కాదు వదినా. అక్కడ ఎడమే," అన్నాను.

ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దించి, అన్నయ్య వైపు తిరిగి, "అవునా?" అని అడిగింది. ఆయన నేల చూస్తూనే "అవును," అన్నాడు.

"అయితే మళ్ళీ మొదటినుంచి చెప్పవే. నెమ్మదిగా చెప్పు, నాకు అందేలా," అంది వదిన, ఆయన చెయ్యి పట్టుకుంటూ.

బస్సంతా వినపడే గొంతు నాది. ఆ ఒక్క మనిషికి వినపడేలా "కుడి" అనడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలియదు.